పాత 207కి ముందు పై సోకులా, కింద రిపేర్లా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. మా నాన్నగారిది టాటా 207 డీఐ పికప్, 2005 మోడల్, ఏపీ 05 నంబరు. మొదట్లో అంబాజీపేటకి కొబ్బరికాయలు తోలేవారు, తర్వాత చెరువుల మీంచి రొయ్యల ట్రేలు. నాన్నగారు పోయి రెండేళ్ళయ్యింది, అప్పట్నుంచి బండి షెడ్డు కిందే ఉంది, ఫిట్‌నెస్ కూడా అయిపోయింది. నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం, నెలకోసారి ఊరొస్తాను. దీన్ని బాగుచేయించి వచ్చే సంక్రాంతికి రోడ్డెక్కించాలని ఆశ. వీడియోలు చూసి లిస్టు రాసుకున్నాను: ముందు బుల్ బార్, టాప్ మీద ఎల్ఈడీ బార్, పెద్ద టైర్లు, అల్లాయ్ వీల్స్, స్నార్కెల్, మ్యాట్ బ్లాక్ రంగు, వెనక తొట్టికి లైనర్, అద్దాలకి బ్లాక్ ఫిల్మ్. మూడు లక్షలు పక్కన పెట్టాను. అమ్మేమో పాత ఇనప సామానోళ్ళకి ఇచ్చెయ్యమంటోంది, మెకానిక్ ఏమో ఇంజిన్ మొత్తం విప్పాలంటున్నాడు. ముందు ఏం పెట్టించమంటారు?

జవాబు: ముందు ఏమీ పెట్టించకండి, ముందు తీయించండి. మీ లిస్టు రెండుసార్లు చదివానండి, అందులో ఉన్నవన్నీ బండికి పైన, ముందు, పక్కన తగిలించేవే, కింద గురించి ఒక్క ముక్క లేదు, మీ బండికి జబ్బు ఉన్నదల్లా కిందే. మీరు ఉత్తరంలో మామూలుగా రాసేసిన ఒక్క మాట దగ్గర నేను ఆగిపోయాను, రొయ్యల ట్రేలు తోలారు అని. కొబ్బరికాయలు మోసిన 207 వేరు, రొయ్యలు మోసిన 207 వేరు. ట్రేల్లోంచి ఐసు కరిగి కారే నీళ్ళలో ఉప్పుంటుంది, అది తొట్టి అడుగు అతుకుల్లోంచి జారి ఛాసిస్ (బండి మొత్తాన్ని మోసే ఇనప చట్రం) మీద, స్ప్రింగు హ్యాంగర్ల (స్ప్రింగుల్ని ఛాసిస్‌కి పట్టి ఉంచే బ్రాకెట్లు) మీద, బ్రేకు పైపుల మీద పడి అక్కడే ఆరిపోతుంది, మళ్ళీ తేమ తగలగానే మళ్ళీ పని మొదలుపెడుతుంది. రెండేళ్ళు షెడ్డులో ఉంటే ఎండావానా తగల్లేదు కదా అనుకుంటారేమో, మన కోనసీమ గాలికి ఆ ఉప్పు ఎప్పుడూ పూర్తిగా ఆరదు, రాత్రికి చెమ్మ పట్టి పొద్దున్నకి తినడం మొదలెడుతుంది.

అందుకని మీ లిస్టులో ప్రతి వస్తువునీ ఒకే ప్రశ్న అడగండి. ఇది నీళ్ళని బయటికి పంపేదా, నిలబెట్టేదా? పంపేదైతే పెట్టించుకోండి, నిలబెట్టేదైతే ఎంత అందంగా ఉన్నా వద్దు. ఆ వీడియోల్లో బళ్ళు ఎక్కడివో చూడండి, సగం అమెరికా బళ్ళు, సగం మన దేశంలో 2022లో వచ్చిన హైలక్స్ లాంటివి, ఆ సామాను వాటి తొట్టి కొలతలకి చేసింది, మీ 207కి పెట్టాలంటే ఎక్కడో అక్కడ కొత్తగా కన్నం పడాల్సిందే, రేకులో ప్రతి కన్నం తుప్పుకి గుమ్మం తెరిచినట్టే.

సరే, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్తా. ఒక ఆదివారం పొద్దున్నే బండిని షెడ్డులోంచి బయటికి తోయించండి, స్టార్ట్ చెయ్యొద్దు, తోయించండి. తొట్టిని ఛాసిస్‌కి బిగించిన యూ క్లాంపులు ఊడదీసి, నలుగురు మనుషుల్నో చైన్ పుల్లీనో పెట్టి తొట్టిని పూర్తిగా పైకెత్తించండి. ఇది చెయ్యకుండా ఏ టింకరింగ్ అతనూ ఎస్టిమేట్ చెప్పలేడు, చెప్తే అది అబద్ధం. తొట్టికీ ఛాసిస్‌కీ మధ్య చెక్కో రబ్బరో ప్యాకింగు ఉంటుంది చూడండి, నీళ్ళు పట్టి ఉంచేది అదే, దాని కింద ఛాసిస్ పై అంచు ఎలా ఉందో అదే మీ బండి జాతకం. చిన్న సుత్తి తీసుకుని ఛాసిస్ పొడుగునా కొట్టుకుంటూ వెళ్ళండి, గట్టి ఇనుము ఖణేల్‌మంటుంది, తిన్న చోట మొద్దుగా మోగుతుంది, పెచ్చులు రాలతాయి. వెనక చక్రాల పైన వంపు తిరిగే చోట, స్ప్రింగు హ్యాంగర్లూ షాకిళ్ళూ (స్ప్రింగు చివర ఊగే కొక్కేలు) బిగించిన చోట, క్యాబిన్ మౌంటింగుల దగ్గర, బ్యాటరీ ట్రే కింద, వీటి మీద ఎక్కువసేపు ఉండండి. తర్వాత క్యాబిన్‌లో మ్యాట్లన్నీ పీకేసి కాళ్ళ దగ్గర ఫ్లోర్, డోర్ల కింద అంచులు, ముందద్దం బీడింగు కింద ఫ్రేము చూడండి.

ఇక్కడే మీ అమ్మగారి మాటకి జవాబు దొరుకుతుంది. ఫ్లోరు చిల్లులు పడ్డా, డోర్లు తిన్నా, తొట్టి అడుగు పోయినా భయపడొద్దు, అది రేకు, కోసి వేరే రేకు వేస్తారు. హ్యాంగర్ బిగించిన చోట ఛాసిస్ పట్టీ సుత్తి పిడి అంత మేర రాలిపోతుంటే, లేదా రెండు వైపులా వంపు దగ్గర చిల్లులు కనిపిస్తే మటుకు అమ్మగారి మాటే రైటు. ఛాసిస్‌కి అతుకులు వేసి లోడు మోయించడం మన గట్టు రోడ్ల మీద ప్రాణాలతో ఆట. అప్పుడు కూడా సందులోకొచ్చే ఇనప సామాను బండికి ఇచ్చెయ్యకండి, ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ సెంటర్‌కి ఇస్తే సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ ఇస్తారు, రిజిస్ట్రేషన్ పద్ధతిగా రద్దవుతుంది, లేకపోతే ఆ నంబరు మీద ఎవడేం చేసినా పోలీసులు మీ ఇంటికే వస్తారు.

ఇంకోటి, పదేళ్ళు దాటిన డీజిల్ బండి తిరగకూడదంట కదా అని మీ ఫ్రెండ్స్ ఎవరైనా అంటే అది ఢిల్లీ చుట్టుపక్కల రూలు, మనకి కాదు. మనకి కావాల్సింది ఫిట్‌నెస్ పాసవ్వడం. మీది గూడ్స్ బండి కాబట్టి కొత్తలో ఎనిమిదేళ్ళ వరకు రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి ఫిట్‌నెస్. 15 ఏళ్ళు దాటిన బళ్ళకి 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజులు బాగా పెంచేశారు, అమలాపురం రవాణా ఆఫీసులో కనుక్కుని ఆ డబ్బు, పాత ట్యాక్స్ బకాయి, ఇన్సూరెన్స్, ఇవన్నీ మూడు లక్షల్లోంచి ముందే తీసి పక్కన పెట్టండి. అన్నిటికంటే ముందు ఆర్‌సీ ఇంకా నాన్నగారి పేరు మీదే ఉందేమో చూడండి. యజమాని పోయినప్పుడు వారసుల పేరు మీదకి మార్చడానికి ఫారం 31 ఉంటుంది, మామూలు అమ్మకానికి వాడే 29, 30 కాదు. ముప్పై రోజుల్లో తెలియజెయ్యాలి, మూడు నెలల్లో దరఖాస్తు పెట్టాలి అని రూలు, మీరు దాటేశారు, పర్లేదు, లేటు రుసుము ఏమన్నా ఉంటే కట్టి చేయించుకోండి. డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అమ్మగారి దగ్గర్నుంచీ తోబుట్టువుల దగ్గర్నుంచీ అభ్యంతరం లేదని కాగితం సిద్ధం చేసుకోండి. పేరు మారకుండా లక్షలు పోస్తే రేపు క్లెయిము రోజున కథ వేరేగా ఉంటుంది.

ఇప్పుడు అసలు పని, తుప్పు. మన దగ్గర టింకరింగ్ షాపుల్లో అలవాటు ఏంటంటే, వైరు బ్రష్షుతో రెండు రుద్దులు రుద్ది, రెడ్ ఆక్సైడ్ కొట్టి, చిల్లులుంటే లప్పం పెట్టి, పైన నల్ల రంగేసి ఇచ్చేస్తారు, ఇచ్చిన రోజు షోరూం బండిలా ఉంటుంది, రెండు వానాకాలాలు తిరిగేసరికి లప్పం పెచ్చుగా లేచొస్తుంది. రెడ్ ఆక్సైడ్ చెడ్డదని కాదండి, అది అడుగు పూత, దానంతటది నీళ్ళని ఆపలేదు, అదే చివరి పూత అనుకోవడమే తప్పు. మీరు ఛాసిస్‌కి శాండ్ బ్లాస్టింగ్ చేయించండి, అంటే గాలి జోరుతో ఇసక కొట్టి తుప్పు రాల్చడం, తుప్పు గుంటల్లోంచి కూడా పోయి తెల్లటి ఇనుము బయటపడుతుంది, అప్పుడే ఎక్కడ ఎంత మందం మిగిలిందో నిజం తెలుస్తుంది. డోర్లు, బానెట్ లాంటి పల్చటి రేకులకి మాత్రం ఆ బ్లాస్టింగ్ వద్దు, రేకు వంకర్లు పోతుంది, వాటికి చేత్తోనో కెమికల్‌తోనో తీయించండి. బ్లాస్టింగ్ అయ్యాక ఆ రోజే మొదటి పూత పడాలి, ఇది బాగా గుర్తుపెట్టుకోండి, మన తేమకి తెల్లటి ఇనుము తెల్లారేసరికి ఎర్రబడుతుంది. జింక్ ఎక్కువుండే ప్రైమర్, దాని మీద ఎపాక్సీ, దాని మీద పీయూ (పాలీయూరిథేన్) రంగు, ఈ వరస. బ్లాస్టింగ్‌కి వెళ్ళేముందు ఛాసిస్‌ని మంచినీళ్ళతో గట్టిగా కడిగించండి, ఉప్పు మీద ఇసక కొడితే ఉప్పు లోపలికే దిగుతుంది.

మంచినీళ్ళు అన్నాను కదా, మీ ఊళ్ళో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయా? సముద్రం వైపు చాలా ఊళ్ళలో అంతే. ఆ బోరు నీళ్ళతో బండి కడగడం అంటే వారానికోసారి బండికి ఉప్పు పట్టించడమే, చాలామంది శుభ్రంగా కడుగుతున్నాం కదా ఇంకా తుప్పెందుకు పట్టిందని అడుగుతారు, కారణం ఆ బోరే. గోదావరి కాలవ నీళ్ళు వాడండి, ఓ డ్రమ్ములో పట్టుకుని చేను గట్టు మీద కడుక్కోండి, కాలవలోకి బండి దింపొద్దు, అది తాగే నీళ్ళు. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు పంచాయతీ కుళాయి నీళ్ళే గతి, రెండు బకెట్లతో కింద మాత్రం కడిగినా చాలు. రేడియేటర్లో కూడా ఆ బోరు నీళ్ళు పొయ్యొద్దు, కూలెంట్ కలిపిన డిస్టిల్డ్ వాటరే.

తిన్న రేకుల దగ్గరికొస్తే, చిల్లు మీద చిన్న ముక్క అతికించడానికి ఒప్పుకోకండి. తిన్నంత మేరా, ఇంకో రెండంగుళాలు మంచి రేకు వచ్చేదాకా కోసేసి, సీఓటూ (గ్యాసు) వెల్డింగుతో కొత్త ముక్క వేయించండి, ఒకదాని మీద ఒకటి ఎక్కించి వేస్తే ఆ రెండు రేకుల మధ్య సందులో నీళ్ళు దాక్కుంటాయి. జీఐ రేకు (జింకు పూత రేకు) వాడితే వెల్డింగు పడే అంచుల దగ్గర జింకు పూత గ్రైండ్ చేసెయ్యాలి, లేకపోతే అతుకూ నిలబడదు, ఆ పొగ పీల్చినవాడికి జ్వరం కూడా వస్తుంది. అన్నీ అయ్యాక డోర్ల కింద, క్యాబిన్ సిల్లుల్లో (డోరు గుమ్మాల్లో) కంపెనీవాడు నీళ్ళు పోవడానికి ఇచ్చిన కన్నాలు లప్పంతోనో రంగుతోనో మూసుకుపోలేదు కదా అని ఒక వైరు ముక్క పెట్టి పొడిచి చూసుకోండి, ఈ ఒక్క పని మీరే స్వయంగా చెయ్యండి. ఆ పెట్టె భాగాల లోపలికి క్యావిటీ వ్యాక్స్ (లోపలి గోడలకి పట్టే మైనం) కొట్టిస్తే బయట ఎంత రంగున్నా చెయ్యలేని పని అది చేస్తుంది. పాత ఇంజిన్ ఆయిల్ పూయించమని మీ ఊళ్ళో పెద్దాళ్ళు చెప్తారు, నాకు తెలుసు, పూర్వం అందరూ అదే చేసేవారు. అది బుష్షుల రబ్బర్ని ఉబ్బిస్తుంది, దుమ్ము పట్టి ముద్దవుతుంది, కారిందంతా చేలోకీ కాలవలోకీ పోతుంది. వద్దు. అలాగే తుప్పు మీదే నల్ల రబ్బరు అండర్‌కోట్ కొట్టేసి ఐదేళ్ళ గ్యారంటీ అనేవాళ్ళ దగ్గర్నుంచి లేచి వచ్చెయ్యండి.

ఇంజిన్ సంగతి. విప్పాలంటున్నాడు సరే, ఏం చూసి విప్పాలంటున్నాడు? రెండేళ్ళు నిలబడ్డ బండి స్టార్ట్ అవ్వకపోతే అది చాలాసార్లు ఇంజిన్ జబ్బు కాదు, ట్యాంకులో పాత డీజిలు, నీళ్ళు, జామైన ఫిల్టరు, చచ్చిపోయిన బ్యాటరీ. ట్యాంకు దింపి కడిగించండి, రెండు ఫిల్టర్లూ ఆయిలూ మార్చండి, ముందు ఇంజిన్ని చేత్తో తిప్పి చూడమనండి, ఫ్రీగా తిరిగితేనే సెల్ఫ్. స్టార్టై వేడెక్కాక పొగ రంగు చూడండి. నల్లగా వస్తే నాజిళ్ళు (డీజిలు చిమ్మేవి), పంపు, ఎయిర్ ఫిల్టర్ వైపు వెళ్ళాలి. నీలంగా వస్తే ఆయిల్ కాలుతోంది, తెల్లపొగ ఆగకుండా వస్తూ రేడియేటర్లో నీళ్ళు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్. ఆయిల్ పోసే మూత తీస్తే పొగ పుంజుకుని తన్నుతోందంటే పిస్టన్ రింగులు అరిగాయి. తర్వాత కంప్రెషన్ టెస్టు (సిలిండర్‌లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో చూసేది) చేయించి నాలుగు సిలిండర్ల అంకెలూ కాగితం మీద రాయించుకోండి, అవి దగ్గరదగ్గరగా, కంపెనీ చెప్పిన హద్దులో ఉంటే ఇంజిన్ ముట్టుకోవద్దు. ఓవర్‌హాలింగ్ కొన్నాళ్ళాగినా ఏం కాదు, ఛాసిస్ ఆగదు. మన ఎండలకి థర్మోస్టాట్ అక్కర్లేదని పీకేసే అలవాటు కొందరు మెకానిక్‌లకి ఉంది, పీకేసుంటే తిరిగి పెట్టించండి, ఇంజిన్ సరైన వేడికి రాకపోతే డీజిలూ ఎక్కువ తాగుతుంది, అరుగుదలా ఎక్కువ. సామాను విషయంలో దిగులు లేదు, 1994లో వచ్చిన సుమో కూడా మీ 207కి మూలమైన టాటామొబైల్ పికప్ కుటుంబంలోదే, కొన్ని పార్టులు కలుస్తాయి, పార్ట్ నంబరు చూసి తీసుకోండి. రాజమండ్రిలో దొరక్కపోతే విజయవాడ ఆటోనగర్ ఉండనే ఉంది. బ్రేకు సామాను మాత్రం సెకండ్ హ్యాండ్ కొనొద్దు.

బ్రేకుల గురించి చర్చే లేదు. ఇనప పైపులు, రబ్బరు హోసులు, వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్ కిట్టు, ఫ్లూయిడ్ అన్నీ కొత్తవి. బ్రేకు ఫ్లూయిడ్ గాల్లో తేమ పీల్చుకుంటుంది, రెండేళ్ళు కదలని బండిలో సిలిండర్లు లోపల తుప్పు పట్టి పిస్టన్లు పట్టేసి ఉంటాయి. చక్రాల బేరింగుల్లో గ్రీజు పాలరంగులో ఉంటే నీళ్ళు దిగినట్టు, డిఫరెన్షియల్ (వెనక ఇరుసు మధ్య గేర్ల పెట్టె) ఆయిల్ కూడా అలాగే చూడండి.

ఇక మీ లిస్టు. బుల్ బార్ తీసెయ్యండి, 2017 డిసెంబర్లోనే కేంద్ర రవాణా శాఖ వీటి మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసింది, రోడ్డు మీద నడిచేవాళ్ళకి తగిలితే బంపర్ కంటే ఘోరం, గుద్దుడు బలమంతా నేరుగా ఛాసిస్‌కే పోతుంది. నిజానికి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది, కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది, ఆ ఏడాది చట్ట సవరణలో ఒక్కో మార్పుకి 5,000 రూపాయల దాకా ఫైను, ఆరు నెలల దాకా జైలు కూడా పెట్టారు. మన రోడ్ల మీద అందరూ పెట్టుకు తిరుగుతున్నారు కదా అంటారు. తిరుగుతున్నారు. మీ బండి మటుకు ప్రతి ఏడాదీ ఫిట్‌నెస్ పరీక్షకి నిలబడాలి, వాళ్ళ సొంత కార్లు నిలబడక్కర్లేదు, తేడా అది. బ్లాక్ ఫిల్మ్ మీద 2012లోనే సుప్రీంకోర్టు తీర్పు ఉంది, దాని గురించి ఇంకేం లేదు. మ్యాట్ బ్లాక్ అంటే ఆర్‌సీలో రంగు మారాలి, ముందే అనుమతి తీసుకుని ఎక్కించుకోవచ్చు. నన్నడిగితే మాత్రం ఉన్న రంగే వేయించమంటా, మ్యాట్ రంగు మీద ఉప్పు మరక, నీటి మరక పోదు, పాలిష్ పడదు, పైగా నల్ల క్యాబిన్‌లో ఏసీ లేకుండా మే నెల ఎండలో మీరే ఉండలేరు.

ఎల్ఈడీ బార్ గురించి కొంచెం కోపంగానే చెప్తున్నా. రాత్రిపూట కాలవ గట్టు రోడ్డు మీద ఎదురుగా ఒకడు ఆ లైటేసుకుని వస్తే ఇవతలవాడికి రెండు క్షణాలు ఏమీ కనిపించదు, మన రోడ్లకి ఒక పక్క కాలవ, ఇంకో పక్క పంటబోదె, ఆ రెండు క్షణాలు చాలు. మీకు కావాల్సింది వెలుతురైతే దారి వేరే ఉంది. పాత బళ్ళలో హెడ్‌లైట్ మసకగా ఉండేది బల్బు వల్ల కాదు, తుప్పుపట్టిన ఎర్త్, నల్లబడ్డ రిఫ్లెక్టర్, సన్నటి పాత వైరింగు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర ఒకసారి, బల్బు హోల్డర్ దగ్గర ఒకసారి మల్టీమీటర్ పెట్టి చూడమనండి, హోల్డర్ దగ్గర ఒక వోల్టు తక్కువొస్తే వెలుగు బాగా పడిపోతుంది. బ్యాటరీ నుంచి నేరుగా ఫ్యూజు పెట్టి రిలేలతో కొత్త వైరింగ్ లాగించి, రిఫ్లెక్టర్లు కొత్తవి వేసి, మామూలు 60/55 వాట్ల బల్బే పెడితే మీకే ఆశ్చర్యమేస్తుంది. 100/90 బల్బులు పెట్టొద్దు, పాత హోల్డర్లు కరుగుతాయి. వైర్లు మెలేసి టేపు చుట్టడం కాదు, సోల్డర్ చేసి హీట్ ష్రింక్ ట్యూబు ఎక్కించాలి, ఉప్పు గాలికి టేపు కింద రాగి పచ్చబడిపోతుంది.

టైర్లు కంపెనీ సైజే. పెద్దవి వేస్తే బండి ఎత్తు కనిపిస్తుంది గానీ గేరింగు మారి లోడు మీద మొరాయిస్తుంది, స్పీడోమీటర్ తక్కువ చూపిస్తుంది, స్టీరింగు తిప్పినప్పుడు రాసుకుంటుంది. లోడు బండికి ఇనప రిమ్ములే మేలు, బ్లాస్ట్ చేయించి పౌడర్ కోటింగ్ చేయించండి, అల్లాయ్ కంటే అందంగా ఉంటాయి, నా మాట నమ్మండి. కొనేటప్పుడు టైరు పక్కన నాలుగంకెల ముద్ర చూడండి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైంది, అలాంటిది ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు.

స్నార్కెల్ ఎందుకు అడిగారో నాకు అర్థమైంది. 2022 జూలై వరద చూశారు మీరు, ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటింది, లంక గ్రామాల్లో బళ్ళు మునిగాయి. కానీ స్నార్కెల్ గాలి పీల్చే మూతిని పైకి తీసుకెళ్తుంది అంతే, ఆల్టర్నేటర్, స్టార్టర్, బేరింగులు, బ్రేకులు కిందే ఉంటాయి, పారే నీళ్ళలో తేలికపాటి ఖాళీ పికప్ మోకాల్లోతు దాటితే పక్కకి జరగడం మొదలెడుతుంది. పైగా అది పెట్టాలంటే ఫెండర్‌కి పెద్ద కన్నం. వరద వస్తుందంటే బండిని ముందురోజే మెరక మీద పెట్టుకోవడం ఒక్కటే పద్ధతి. ఒకవేళ మునిగితే మటుకు సెల్ఫ్ కొట్టొద్దు, సిలిండర్‌లో నీళ్ళుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బ్యాటరీ తీసేసి, నాజిళ్ళు విప్పించి నీళ్ళు తీయించి, ఆయిళ్ళన్నీ మార్చాకే.

తొట్టి లైనర్ దగ్గర ఆగుదాం, మీ లిస్టులో పనికొచ్చే ఆలోచన అదొక్కటే, పద్ధతే తేడా. రెడీమేడ్ ప్లాస్టిక్ తొడుగు దించితే కిందకి ఇసకా ఉప్పునీళ్ళూ చేరి, బండి ఊగినప్పుడల్లా రంగుని గీకుతూ ఉంటుంది, పైనుంచి మీకేం తెలీదు, ఓ రోజు తీసి చూస్తే అడుగుండదు. గళ్ళ అల్యూమినియం షీటు రివెట్లతో కొట్టించడం మన దగ్గర ఫ్యాషను, ఉప్పునీళ్ళలో అల్యూమినియం ఇనుముకి తగిలి ఉంటే తెల్లటి పొడిగా రాలుతుంది, ఆ సందులో ఇనుమూ మిగలదు. స్టీల్ అంటే స్టెయిన్‌లెస్ స్టీల్ పట్టీలైతే ఇంకా దారుణం, అవి మెరుస్తూనే ఉంటాయి, వాటి చుట్టూ ఉన్న మామూలు రేకుని తినేస్తాయి. మీరు చెయ్యాల్సింది, అడుగు రేకు బాగుచేసి అతుకులన్నీ పీయూ సీలెంట్‌తో మూయించి, పైన స్ప్రే చేసే పాలీయూరియా లైనర్ వేయించడం, అది రేకుకి అంటుకుని ఉంటుంది కాబట్టి కింద నీళ్ళు చేరే సందే ఉండదు. ఆ ఖర్చు వద్దనుకుంటే ఎపాక్సీ, పీయూ రంగులేసి, దాని మీద వేలెడు సందులతో టేకు పలకల చట్రం పెట్టించండి, బోల్టులు లేకుండా ఊరికే కూర్చునేది, కడిగేటప్పుడు ఇద్దరు పట్టుకుని ఎత్తెయ్యొచ్చు. తొట్టి వెనక మూలల్లో నీళ్ళు పోయే గొట్టాలు పెట్టి ఆ నీళ్ళు ఛాసిస్ మీద కాకుండా బయటికి పడేలా వంచించండి. రొయ్యలు మళ్ళీ తోలే ఉద్దేశం ఉంటే ఇది తప్పనిసరి.

నన్ను యాక్సెసరీలు చెప్పమంటే ఇవి: నాలుగు చక్రాలకీ మంచి మందపాటి మడ్ ఫ్లాపులు, టార్పాలిన్ వేసుకోవడానికి ఊడదీసే పైపు చట్రం, తాళ్ళు కట్టుకునే హుక్కులు చట్రానికే గానీ రేకుకి కాదు, రివర్స్ హారన్, వెనక రిఫ్లెక్టివ్ టేపులు, క్యాబిన్‌లో కింద స్పాంజి లేని ఒట్టి రబ్బరు మ్యాట్లు, రెక్సిన్ సీటు, మీకు సరదా కాబట్టి ఒక మంచి పాటల సెట్టు. టాప్ మీద క్యారియర్ వద్దు, కన్నాలు పడతాయి. కూతలు మార్చే హారన్ వద్దు, అది కూడా నిషేధమే. గూడ్స్ బండి కాబట్టి పండక్కి చుట్టాలందర్నీ తొట్టిలో ఎక్కించుకుని ప్రభల తీర్థానికి బయల్దేరొద్దు, ఇన్సూరెన్స్ ఉన్నా ఆ రోజు పనికిరాదు.

టైము గురించి ఉన్న సంగతి చెప్తా, వానల్లోనూ తుఫాన్ల నెలల్లోనూ పైరంగు వేయించొద్దు. గాల్లో తేమకి రంగు తెల్లగా పూస్తుంది, కంప్రెషర్ గొట్టంలోంచి నీటి తుంపర్లు పడి పొక్కులొస్తాయి. ఛాసిస్, వెల్డింగు, బ్రేకులు, ఇంజిను, కాగితాలు ఇప్పట్నుంచి సంక్రాంతి లోపు కానివ్వండి, పైరంగు సంక్రాంతి దాటాక ఉగాది లోపు ఎండ పొడిగా ఉన్నప్పుడు వేయిద్దురు గాని. ఫిట్‌నెస్ ఆ తర్వాతే, కాబట్టి ఈ పండక్కి ప్రైమర్ రంగుతో ఇంటి ముందు నిలబడుతుంది, రోడ్డు మీదకి తీయొద్దు. మీ మూడు లక్షల్లో సగం పైనే కిందకే పోతుంది, మిగిలినదాంట్లో పైసోకులు చూసుకోండి, మిగలకపోతే ఏడాది ఆగండి. మీరు నెలకోసారి వచ్చే మనిషి కాబట్టి పని మొత్తానికి ఒకేసారి బేరం మాట్లాడకండి, తొట్టి దించడం, బ్లాస్టింగ్, వెల్డింగ్, ప్రైమర్ అని దశలుగా విడగొట్టి, ఒక్కో దశ ఫోటోలు వచ్చాకే డబ్బు పంపండి, ముఖ్యంగా వెల్డింగు అయ్యాక లప్పం పెట్టకముందు ఫోటో.

తొట్టి ఎత్తాక నాకు మూడు ఫోటోలు పంపండి, వెనక రెండు హ్యాంగర్లు దగ్గర్నుంచి, చక్రం పైన ఛాసిస్ వంపు రెండు పక్కలా, డ్రైవర్ కాళ్ళ కింద ఫ్లోరు. పెచ్చులు రాల్చాకే తీయండి, కడిగి నూనె రాసి తీస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. అవి చూసేదాకా టింకరింగ్ అతనికి అడ్వాన్స్ ఇవ్వొద్దు.